సంపులో దిగే ముందు

వరంగల్‌లోని హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ లాంటి పల్లపు కాలనీల్లో వరద నీళ్లు సంపులోకి చేరితే, తొందరపడి దిగకండి. వీలైతే పైనుంచే బురద తోడించి కడిగించండి.

తప్పక దిగాల్సొస్తే:

– మోటారు స్విచ్ ఆపితే సరిపోదు, ఇంటి మెయిన్ తీసేయాలి.

– మూత తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వండి. కుళ్లిన బురద నుంచి వచ్చే విషవాయువు గాలికన్నా బరువు, అడుగునే ఉంటుంది. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే అసలే దిగొద్దు. వాసన లేదంటే ప్రమాదం లేదని కాదు.

– నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు. లోపలి మనిషి పడిపోతే వెంట దూకొద్దు, తాడుతో లాగండి. కాపాడబోయి ప్రాణాలు పోయేది ఇక్కడే.

కడిగి నింపాక 1000 లీటర్లకు 4 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. బకెట్లో కలిపి, పైన తేరిన నీళ్లే పోసి, అరగంట ఆగాలి. ఘాటు పోయిన పాత పొడి పనిచేయదు.