సెకండ్ హ్యాండ్ ఆడి ఏ7 డీజిల్ కొనేముందు ఇలా నడిపి చూడండి

పొద్దున్నే వెళ్లండి. బానెట్ చల్లగా ఉందని చెయ్యి పెట్టి చూశాకే స్టార్ట్ చేయించండి, ఇంజిన్ వేడిగా ఉంటే చాలా లోపాలు బయటపడవు.

తర్వాత వంగి నాలుగు టైర్లూ చూడాలి. ఇది క్వాట్రో, అంటే నాలుగు చక్రాలూ ఇంజిన్‌తో తిరిగే కారు, 3.0 లీటర్ల వీ6 ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) మామూలుగా ముందు చక్రాలకి 40, వెనక చక్రాలకి 60 శాతం వెళ్తుంది, ఒక్క టైరే కొత్తదైతే చుట్టుకొలత తేడాతో ఆ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే మధ్య డిఫరెన్షియల్ మీద ఎప్పుడూ భారం పడుతూనే ఉంటుంది.

విజయవాడలో అయితే బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మెల్లగా పోనివ్వండి, గేర్‌బాక్స్ కుదుపులుంటే అక్కడే తెలుస్తాయి. ఆ తర్వాత మంగళగిరి మీదుగా గుంటూరు హైవే ఎక్కండి, 1,500 ఆర్‌పీఎం దాటగానే వీపు సీటుకి అతుక్కోవాలి, అబ్బ, ఈ కారు అసలు మజా అదే!

రోజూ ఊళ్లోనే తిప్పేవాళ్లు మాత్రం డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ తీసుకోవద్దు, ఫిల్టర్ తగినంత వేడెక్కక మసి కాలకుండా పేరుకుపోతుంది.