బార్బర్‌షాప్ కోరస్‌లో పాడటం సరే, పని ఎవరు చేయాలి?

అమెరికాలో ఉంటున్నారు, పాటంటే ఇష్టం, వారానికో సాయంత్రం ఖాళీ దొరుకుతుంది. ఇలాంటివాళ్లు ఎవరు అడిగినా నేను ముందు దగ్గర్లో బార్బర్‌షాప్ చాప్టర్ ఉందేమో చూడమంటాను. బార్బర్‌షాప్ అంటే ఇక్కడ క్షౌరశాల కాదు, వాద్యాలు లేకుండా నాలుగు రకాల గొంతులు కలిపి పాడే పద్ధతి. చాప్టర్ అంటే అలా పాడేవాళ్ల ఊరి బృందం. లీడ్ పాడేది అసలు పాట, టెనర్ దానికి పైన, బేస్ అడుగున, మిగిలిపోయిన స్వరం ఏదైతే అది బారిటోన్‌కి. ఇంట్లో కూర్చుని బారిటోన్ పార్ట్ ఒక్కటే ప్రాక్టీస్ చేస్తే ఇది ఏ పాటో ఇంట్లోవాళ్లకి కూడా అర్థం కాదు, కంగారు పడకండి. కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో నేర్చుకున్నవాళ్లకి ఇక్కడ ఒక లాభం ఉంది. వీళ్లు పియానో శ్రుతిని పట్టుకుని వేలాడరు, గొంతుల మధ్య స్వరాలు కచ్చితంగా కలిసేదాకా సర్దుకుంటారు. అలా కలిసినప్పుడు తంబురా మీటితే గాంధారం వినపడ్డట్టు, ఎవరూ పాడని స్వరం ఒకటి పైన మోగుతుంది. దానికోసమే జనం ఏళ్ల తరబడి వస్తుంటారు.

అయితే నేను రాస్తున్నది పాట గురించి కాదు, ఆ పాట వెనకుండే చాకిరీ గురించి. బార్బర్‌షాప్ హార్మనీ సొసైటీ 1938 ఏప్రిల్ 11న ఓక్లహామాలోని టల్సాలో మొదలైంది. ఓ.సి. క్యాష్ అనే పన్నుల లాయరు, రూపర్ట్ హాల్ అనే ఆయన కలిసి పిలిస్తే ఆ సాయంత్రం 26 మంది వచ్చారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వరసగా పెడుతున్న పొడి అక్షరాల సంస్థలని వెక్కిరించడానికి దీనికి నోరు తిరగనంత పొడుగు పేరు పెట్టారు. ఆ సరదా వ్యవహారం ఇప్పుడు మూడంచెల సంస్థ. ఊళ్లో చాప్టర్, దానిపైన డిస్ట్రిక్ట్, అన్నిటికీ పైన నాష్‌విల్‌లో ప్రధాన కార్యాలయం. జీతం తీసుకునేవాళ్లు ఉండేది ఎక్కువగా ఆ పై అంచెలోనే. కింద కొన్ని చోట్ల పాట నడిపించే డైరెక్టర్‌కి ఎంతో కొంత ఇస్తారు, మిగతాదంతా పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చేవాళ్ల పనే.

చేరగానే ఏ పదవీ ఒప్పుకోకండి. కొత్తగా వచ్చినవాడికి ఓపిక ఉందని పసిగడితే సెక్రటరీ పోస్టు అంటగట్టేస్తారు, అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, పాపం వాళ్లు అలసిపోయి ఉంటారు. మన తెలుగు సంఘాల్లో కుర్చీ కోసం కొట్టుకుంటారు, ఇక్కడ ఎన్నికల రోజు వస్తే అందరూ షూ లేసులు కట్టుకుంటూ తల వంచేస్తారు. కొన్నాళ్లు పాటలు నేర్చుకోండి, అందరి పేర్లూ తెలుసుకోండి. రిహార్సల్‌కి కాస్త ముందే వెళ్లి రైజర్లు వేయడంలో చెయ్యి కలపండి. వేదిక మీద వరసలుగా నిలబడటానికి వాడే ఆ మడత మెట్లు బాగా బరువుంటాయి, ఒకరు పట్టుకుంటే ఒకరు కాళ్లు విప్పాలి. చాప్టర్ సంగతులన్నీ అక్కడే తెలుస్తాయి. ఎవరికి ఎవరితో పడదు, ఎవరి భార్యకి ఒంట్లో బాగాలేదు, డైరెక్టర్ మీద ఎవరు గుర్రుగా ఉన్నారు, ఇవేవీ మీటింగ్ మినిట్స్‌లో ఉండవు కదా.

మొదటి పనిగా నేను సిఫారసు చేసేది మ్యూజిక్ లైబ్రేరియన్. విసుగు పని అంటారు గానీ, చాప్టర్ పరువు నిలబెట్టేది అదే. కాపీరైట్ ఉన్న పాటకి పాడేవాళ్లు ఎంతమందో అన్ని కాపీలు కొనాలి. ఒకటి కొని మిగతావి జిరాక్స్ తీయించడం చట్టవిరుద్ధం. ఒక్కో పార్ట్ విడిగా వినిపించే లర్నింగ్ ట్రాక్‌లు అమ్మేవాళ్లు కూడా తలా ఒకటి లెక్కన అమ్ముతారు. "ఒకడికి వాట్సాప్‌లో పంపితే ఏమైంది" అని అడిగేవాడు ప్రతి చాప్టర్‌లోనూ ఉంటాడు. వాడితో గొడవ పడకండి, ఆ ట్రాక్ చేసిన మనిషి నాలుగు పార్టులూ తన గొంతుతోనే పాడి రికార్డ్ చేశాడని చెప్పండి, చాలావాటిలో నిజంగా అంతే. ఎన్ని కాపీలు కొన్నాం, ఎవరి దగ్గర ఏ పాట ఉంది, బిల్లు ఎక్కడ ఉంది, ఈ మూడూ ఒక్క షీట్‌లో పెడితే మీ తర్వాత వచ్చేవాళ్లు దండం పెడతారు.

ఆ తర్వాత, నాయకత్వం నేర్చుకోవాలంటే ఫిబ్రవరి 14 మీ మీద వేసుకోండి. చాలా చాప్టర్లు ఆ రోజు క్వార్టెట్లని, అంటే నలుగురేసి పాడే జట్లని, పంపిస్తాయి. డబ్బు కట్టినవాళ్ల తరఫున నలుగురు టై కట్టుకుని ఆఫీసుకో, ఇంటికో వెళ్లి ఒక గులాబీ ఇచ్చి, ఒకటి రెండు ప్రేమ పాటలు పాడి వస్తారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది, నడిపేవాళ్లకి మాత్రం రోజంతా టెన్షన్. ప్రతి ఆర్డరుకీ టైము, అడ్రసు, పార్కింగ్ ఎక్కడ, లోపలికి తీసుకెళ్లే మనిషి ఎవరు, వాళ్ల ఫోన్ నంబరు, అందుకునేవాళ్ల పేరు ఎలా పలకాలి, ఇవన్నీ రాసుకోవాలి. ఆస్పత్రి, స్కూలు అయితే ముందే అనుమతి అడగాలి. రెండు చోట్ల మధ్య మ్యాప్ చూపించిన టైముకి ఇంకో పావుగంట కలపండి, ఎందుకంటే పాడాక అక్కడున్న పదిమంది ఫోటోలకి ఆపుతారు. ఒక బారిటోన్‌ని అదనంగా ఖాళీ పెట్టుకోండి, ఆ సీజన్‌లో ఎవరో ఒకరికి గొంతు పోవడం ఖాయం. ఇది సాఫీగా నడిపినవాళ్లు బోర్డులో ఏ పదవైనా చేయగలరు.

బోర్డులో అన్నిటికన్నా జాగ్రత్తగా పట్టించుకోవాల్సింది ట్రెజరర్ పని. చాప్టర్లు మామూలుగా 501(సి)(3) అనే పన్ను నిబంధన కింద లాభాపేక్ష లేని సంస్థలుగా ఉంటాయి. ఏడాది రాబడి సాధారణంగా 50,000 డాలర్లు దాటకపోతే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి 990-ఎన్ అనే చిన్న ఈ-పోస్ట్‌కార్డ్ పంపితే చాలు, కాసేపట్లో అయిపోతుంది. అంత తేలిక కాబట్టే మరిచిపోతారు. వరసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది, మళ్లీ తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదో నెల 15వ తేదీ గడువు. డిసెంబరుతో లెక్క ముగించేవాళ్లకి అది మే 15. ట్రెజరర్ ఒక్కడి క్యాలెండర్‌లో కాకుండా ప్రెసిడెంట్, సెక్రటరీ క్యాలెండర్లలో కూడా వేయించండి.

ప్రెసిడెంట్ అయితే డైరెక్టర్ జోలికి ఎంతవరకు వెళ్లాలి అన్నది అసలు చిక్కు. నా మటుకు నాకు గీత ఇక్కడ: ఏ పాట పాడాలి, ఎలా పాడాలి అన్నది డైరెక్టర్, మ్యూజిక్ టీమ్ చూసుకోవాలి. ఏడాదికి ఎన్ని షోలు, డబ్బెంత, పోటీకి వెళ్లాలా వద్దా అన్నది బోర్డు చూసుకోవాలి. ఈ గీత కాగితం మీద లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు రైజర్ల మీద నుంచే వాదన మొదలవుతుంది. రిహార్సల్ మధ్యలో అరగంట ప్రకటనలు చదివే ప్రెసిడెంట్‌ని ఎవరూ క్షమించరు, రెండు నిమిషాల్లో ముగించి మిగతాది మెయిల్ చేసేయండి.

మనుషుల్ని పనికి అడిగే పద్ధతి కూడా ఉంది. "షోకి వాలంటీర్లు కావాలి, ఎవరైనా ముందుకు రండి" అని అందరికీ చెబితే ఒక్కరూ రారు. ఒకరిని పక్కకి పిలిచి, "మీరు అకౌంట్స్‌లో పనిచేస్తారు కదా, షో రోజు టికెట్ల దగ్గర ఏడింటి దాకా కూర్చుంటారా?" అని అడగండి. పని ఏదో, ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే జనం ఒప్పుకుంటారు. కాదంటే మొహం మాడ్చుకోకండి, వచ్చే నెల ఇంకొకటి అడగొచ్చు.

కొత్తవాళ్లని పిలిచే గెస్ట్ నైట్ సంగతికి వద్దాం. ఈ సొసైటీ చరిత్రలో మచ్చ ఉంది, అది తెలిసి ఉండటం మంచిది. ఈ పాట పద్ధతి పుట్టుకలో నల్లజాతి క్వార్టెట్లది పెద్ద పాత్ర. అయినా 1941లో న్యూయార్క్ పోటీలో గెలిచిన గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్ అనే నల్లజాతి క్వార్టెట్‌ని జాతీయ పోటీకి రానివ్వలేదు. దానికి నిరసనగా న్యూయార్క్ మాజీ గవర్నర్ ఆల్ స్మిత్, ఆ నగర పార్కుల కమిషనర్ రాబర్ట్ మోసెస్ సొసైటీ నుంచి తప్పుకున్నారు. జాతి నిబంధన 1963 దాకా పోలేదు. ఆడవాళ్లకి పూర్తి సభ్యత్వం వచ్చింది 2018లో. అందుకని గుమ్మం దగ్గర ఎవరు నిలబడి పలకరిస్తారన్నది చిన్న విషయం కాదు. వచ్చినవాళ్ల పక్కన అదే పార్ట్ పాడే మనిషిని కూర్చోబెట్టండి, పేరు సరిగ్గా పలకండి, చివర్లో ఒక ట్యాగ్ నేర్పండి. ట్యాగ్ అంటే పాట చివరి ముక్క, కొన్ని క్షణాల సంగీతం అంతే, కానీ నాలుగు గొంతులూ కలిసి మోగాయంటే ఆ మనిషి మళ్లీ వస్తాడు. మర్నాడు ఒక మెసేజ్ పెట్టండి, చాలు.

చాప్టర్ దాటి పైకి వెళ్లాలనుకుంటే డిస్ట్రిక్ట్ పోటీల్లో తెర వెనక పని అడగండి. క్వార్టెట్‌ని గది నుంచి వేదిక దాకా టైముకి నడిపించే పని బాగుంటుంది, ఎంతటి క్వార్టెట్ అయినా మెట్లెక్కే ముందు ఎలా వణుకుతారో దగ్గర్నుంచి చూడొచ్చు. జడ్జీలు కూడా వాలంటీర్లే, మ్యూజిక్, పెర్ఫార్మెన్స్, సింగింగ్ అనే మూడు విభాగాల్లో ఒక్కో పాటకి వందకి మార్కులేస్తారు. ఆ శిక్షణ ఏళ్లు పడుతుంది, సరదాకి దిగే పని కాదు. సొసైటీ వేసవిలో నడిపే హార్మనీ యూనివర్సిటీకి ఒక్కసారైనా వెళ్లిరండి. అక్కడ డైరెక్టర్లకీ, చాప్టర్ నడిపేవాళ్లకీ పాఠాలుంటాయి. కొన్ని చాప్టర్లు ఖర్చులో కొంత భరిస్తాయి, అడగడానికి మొహమాటపడకండి.

ఏ పదవి తీసుకున్నా మొదటి రోజే దిగిపోయే తేదీ చెప్పేయండి, రెండేళ్లు చాలు. ఆఖరి ఆరు నెలలూ తర్వాత వచ్చేవాళ్లని పక్కన పెట్టుకుని పని చేయండి. బ్యాంకులో సంతకాలు మార్పించండి. వెబ్‌సైట్, మెయిల్ పాస్‌వర్డ్‌లు మీ సొంత జీమెయిల్‌కి కాకుండా చాప్టర్ మెయిల్‌కి కట్టి ఉన్నాయో లేదో చూసుకోండి. స్టోరేజ్ గది తాళం రెండోది ఎవరి దగ్గరుందో కనుక్కోండి, అది సాధారణంగా చాప్టర్ వదిలి వెళ్లిపోయిన ఎవరో బేస్ దగ్గర ఉంటుంది.