ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఒక ఫైల్ మేటర్ ఇంకో ఫైల్లోకి తెచ్చేముందు

రెండు ఫైళ్లకూ ముందు బ్యాకప్ తీసి పెట్టుకోండి.

స్టైల్ (ఫాంట్, సైజు వగైరా కలిపి పేరు పెట్టి దాచుకున్న అమరిక) పేర్లు సరిచూడండి. అసలు తంటా అంతా ఇక్కడే. రెండు ఫైళ్లలోనూ ‘బాడీ’ అనే పారాగ్రాఫ్ స్టైల్ ఉంటే, పేస్ట్ చేసిన మేటర్ కొత్త ఫైల్లోని ‘బాడీ’ రూపాన్నే తీసుకుంటుంది. పాతదాంట్లో 12 పాయింట్లు, కొత్తదాంట్లో 10 అయితే మీకు వచ్చేది 10. పాత రూపమే కావాలంటే పాత ఫైల్లో స్టైల్ పేరు మార్చాకే కాపీ చేయండి. నేను ‘బాడీ_పాత’ అని పెడతాను, అందంగా లేకపోయినా పని జరుగుతుంది.

మేటర్ వర్డ్ నుంచి వస్తోందా? ప్రిఫరెన్సెస్‌లో క్లిప్‌బోర్డ్ హ్యాండ్లింగ్ తెరిచి ‘ఆల్ ఇన్ఫర్మేషన్’ ఎంచుకోండి. ‘టెక్స్ట్ ఓన్లీ’ ఉంటే బోల్డ్, ఇటాలిక్ అన్నీ ఎగిరిపోతాయి. అలవాటు మీద కంట్రోల్, షిఫ్ట్, వి నొక్కినా అదే గతి.

తెలుగుకు ఇంకో మెలిక ఉంది. పాత అను ఫాంట్ల మేటర్ యూనికోడ్ (ఫాంట్ మారినా అక్షరం మారని ప్రామాణిక సంకేత పద్ధతి) కాదు. ఫాంట్ మారిన క్షణాన పిచ్చిగీతలవుతుంది. ముందు కన్వర్టర్‌లో యూనికోడ్‌కు మార్చి, పొల్లులూ ఒత్తులూ ఒకసారి చదువుకోండి. యూనికోడ్ మేటరైతే పారాగ్రాఫ్ స్టైల్లో వరల్డ్-రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపుల అక్షరాలను సరిగ్గా కలిపే సెట్టింగ్) ఉండాలి. లేకుంటే ‘స్త్రీ’ ముక్కలవుతుంది. పరీక్షకు ఆ ఒక్క మాట చాలు.

ఫ్రేమ్ (పేజీలో మేటర్ ఉండే పెట్టె) దాటి కనబడకుండా పోయిన మేటర్ మరిచిపోకండి: టైప్ టూల్‌తో లోపల క్లిక్ చేసి, కంట్రోల్ ఎ కొట్టాకే కాపీ.