పాత వీడియో గేమ్‌కు రేటు ఒప్పుకునే ముందు

☐ డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లో గేమ్ డిస్క్ ఎంత చవగ్గా వచ్చినా ఆడదు. ముందు మీ కన్సోల్ (గేమ్ ఆడే మెషిన్) చూసుకోండి.

☐ అడిగే రేటు వేరు, అమ్ముడైన రేటు వేరు. ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెట్టి, అదే ఎడిషన్, అదే కండిషన్‌లో అమ్ముడైనవి ఐదారు చూడండి. మరీ ఎక్కువదీ మరీ తక్కువదీ వదిలేయండి. షిప్పింగ్ కలపడం మరవద్దు.

☐ కొత్త కాపీ ఇవాళ ఎంతకు దొరుకుతోందో చూడండి, పెట్టె మీది ఎంఆర్‌పీ కాదు. డిజిటల్ (డౌన్‌లోడ్) సేల్‌లో సగానికే వస్తుంటే పాత డిస్క్‌కు అంతకు మించి ఇవ్వక్కర్లేదు. నింటెండో సొంత గేమ్‌లు మాత్రం త్వరగా దిగవు.

☐ డిస్క్‌ను లైటు కింద వాలుగా తిప్పండి. బ్లూ-రేలో (పీఎస్5 డిస్క్‌లు ఈ రకమే) డేటా పొర 0.1 మి.మీ. లోతులోనే ఉంటుంది, గోటికి తగిలే గీత పడితే పాలిష్‌ను నమ్ముకోవద్దు. పీఎస్1 (మొదటి ప్లేస్టేషన్) సీడీకి లేబుల్ వైపు గీతే అసలు ముప్పు, డేటా పొర దాని కిందే ఉంటుంది. వెలుగుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు సూదిమొనంత చుక్కలు మెరిస్తే అక్కడ పొర లేచిపోయినట్టే. వద్దనేయండి.

☐ గేమ్‌బాయ్ పోకెమాన్ గోల్డ్, సిల్వర్ కాట్రిడ్జ్‌ల్లో (గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బీ) సీఆర్2025 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే సేవ్ (ఆడినంత వరకు దాచుకున్నది) నిలవదు. సేవ్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేయించండి. సేవ్ పోయుంటే కొత్త బ్యాటరీ సోల్డరింగ్ (అతికించే) ఖర్చు తగ్గించి అడగండి.

☐ బాక్సులోని డౌన్‌లోడ్ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాడేసిందనుకునే లెక్కేయండి.