మన పాత పద్ధతి మీద ఎవరో పేటెంట్ అడిగితే: మంజూరు కాకముందే అభ్యంతరం ఎలా వేయాలి?

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల ఇంటికి వెళ్తే ముందు పలకరించేది వాసనే. బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు నీళ్లలో వేసి కుండలో రోజుల తరబడి పులియబెడతారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద ఆ నీటితో గీత గీస్తే, చూస్తుండగానే గీత నల్లబడుతుంది.

ఇదే పద్ధతిని కాస్త సైన్సు భాషలో రాసి, 'కొత్త సహజ రంగు తయారీ విధానం' అని ఎవరైనా పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారనుకుందాం. దాన్ని ఆపే దారి చట్టంలోనే ఉంది. పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 25(1) ప్రకారం, దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంట్ ఇవ్వకముందు ఎవరైనా సరే అభ్యంతరం వేయొచ్చు. మీరు వ్యాపారి కానక్కర్లేదు, లాయరూ కానక్కర్లేదు.

ముందు దరఖాస్తును పట్టుకోవాలి. దరఖాస్తులు ప్రచురితమయ్యే పేటెంట్ ఆఫీసు జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. దరఖాస్తు నంబరులో మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, ఐదోది ఆఫీసు. అక్కడ 4 ఉంటే చెన్నై. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు వెళ్లేది అక్కడికే. దరఖాస్తుదారు ఢిల్లీవాడైతే ఫైలు ఢిల్లీలో ఉంటుంది, మీ అభ్యంతరమూ అక్కడికే వెళ్లాలి.

ఇక తేదీలు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. దరఖాస్తు మామూలుగా 18 నెలల తర్వాత ప్రచురితమవుతుంది. త్వరగా ప్రచురించమని దరఖాస్తుదారు ఫారం 9 ఇస్తే ఇంకా ముందే వస్తుంది. ప్రచురితమైన తేదీ నుంచి ఆరు నెలల దాకా పేటెంట్ ఇవ్వకూడదు. ఆ ఆరు నెలలు మీకు భరోసా ఉన్న కాలం. ఆ తర్వాత పరీక్ష, అంటే పేటెంట్ ఇవ్వొచ్చా లేదా అని ఆఫీసు దరఖాస్తును తనిఖీ చేయడం, ఆలస్యమైతే ఏళ్ల తరబడి దారి తెరిచే ఉండొచ్చు, లేదా మర్నాడే మూసుకుపోవచ్చు. అందుకే నా మాట ఒకటే: ఆరు నెలల లోపే వేసేయండి. దరఖాస్తుదారు పరీక్ష కోరేదాకా ఆఫీసు మీ అభ్యంతరాన్ని పరిశీలించదు. అయినా వేయడానికి అప్పటిదాకా ఆగక్కర్లేదు.

తర్వాత క్లెయిములు చదవండి. శీర్షిక చూసి కంగారు పడొద్దు, శీర్షికకు హక్కు రాదు. పత్రం చివర్లో ఒకటి, రెండు అని నంబర్లు వేసి ఉండేవే క్లెయిములు. దరఖాస్తుదారు హక్కు కోరేది వాటి మీదే. పై ఉదాహరణలో మొదటి క్లెయిము 'ఇనుము, బెల్లం పులియబెట్టి నల్లరంగు తీయడం' అయితే మీ వాదన బలంగా ఉంటుంది. అదే రంగును కొలత ప్రకారం కలిపే కొత్త యంత్రం గురించైతే, పాత పద్ధతి చూపించి దాన్ని ఆపలేరు.

చట్టంలో అభ్యంతరానికి 11 కారణాలు ఉన్నాయి. మనవాళ్లకు బాగా పనికొచ్చేవి కొన్నే: ముందే ప్రచురితమైంది, ముందే వాడుకలో ఉంది, ఆ పని తెలిసినవాళ్లకు ఇట్టే తట్టేదే, చట్టం పేటెంట్ ఇవ్వొద్దన్న విషయం. వీటికి తోడు, ఏదైనా స్థానిక సముదాయంలో నోటిమాటగానైనా ముందే ఉన్న జ్ఞానం అనే కారణమూ ఉంది. పుస్తకంలో లేకపోయినా మీ తాత చేతిలో ఉన్న విద్యకు విలువ ఇచ్చిన మాట ఇది. కానీ నోటిమాటకు రుజువు కాగితం మీదే కావాలి.

అందుకే సాక్ష్యం దగ్గర ఓపిక పట్టండి. దరఖాస్తు తేదీ కంటే ముందువే లెక్కకు వస్తాయి: పాత పుస్తకాలు, తేదీ ఉన్న ఫొటోలు, రంగు సామాను కొన్న బిల్లులు. ఆ తేదీకి ముందే ఈ పద్ధతి ఉందని పెద్ద కళాకారులు ఇప్పుడు ఇచ్చే అఫిడవిట్లూ పనికొస్తాయి. అఫిడవిట్‌లో 'తరతరాలుగా చేస్తున్నాం' అంటే చాలదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఏడు నుంచి, ఏ పాళ్లలో కలుపుతారు, ఎన్ని రోజులు నానబెడతారు, అన్నీ రాయించండి. ఆఫీసుకు ఇంగ్లిష్ లేదా హిందీలోనే ఇవ్వాలి కాబట్టి తెలుగు కాగితాలకు ధ్రువీకరించిన అనువాదం జత చేయాలి. పసుపు విషయంలో గెలిపించింది ఇలాంటి ఆధారాలే. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై అమెరికా 1995లో ఇచ్చిన పేటెంట్‌ను, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించడంతో 1997లో రద్దు చేశారు.

అభ్యంతరం వేసే ఫారం 7ఎ నింపి, వాదన, సాక్ష్యం జత చేయండి. విచారణ కావాలంటే అందులోనే అడగాలి, ఇది మాత్రం మరిచిపోవద్దు. 2024 మార్చి నుంచి దీనికి ఫీజు ఉంది. అప్పటి నుంచే కంట్రోలర్ (పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి) ముందుగా మీ అభ్యంతరం నిలుస్తుందా అని చూస్తున్నారు. కాబట్టి ఏ క్లెయిముకు ఏ ఆధారమో విడివిడిగా చూపించండి. నిలుస్తుందనుకుంటే దరఖాస్తుదారుకు నోటీసు వెళ్తుంది, జవాబుకు రెండు నెలలు ఉంటుంది. విచారణ వీడియోలో జరిగితే తిరుపతి నుంచే హాజరు కావొచ్చు.

అమెరికా దరఖాస్తుకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఇలాంటి అభ్యంతరాన్ని 'ప్రొటెస్ట్' అంటారు, దాన్ని సాధారణంగా ప్రచురితం కాకముందే వేయాలి. ప్రచురితమయ్యాక పాత పత్రాలు పంపే దారి వేరే ఉంది, దానికీ గడువు ఉంది.

మన దేశంలో పేటెంట్ ఇచ్చేశాకే మీకు తెలిసిందనుకోండి. మంజూరు ప్రచురితమైన తేదీ నుంచి ఏడాదిలోపు ఫారం 7 వేయొచ్చు. కానీ అప్పుడు 'ఎవరైనా' కుదరదు, ఆ విషయంతో మీకు సంబంధం ఉందని చూపించాలి.