ల్యాండింగ్ గట్టిగా తగులుతోందా? కానొపీ మార్చే ముందు ఇవి చూసుకోండి

స్కైడైవింగ్‌లో ఎ లైసెన్స్ (సొంతంగా దూకడానికి మొదటి మెట్టు) వచ్చి, అద్దె రిగ్గులు (పారాచూట్లు, వాటిని మోసే సంచి, పట్టీలు కలిపిన సరంజామా) మానేసి, సొంతంగా సెకండ్‌హ్యాండ్ రిగ్గు కొన్న కొత్తలో వినిపించే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫ్లేర్ (నేల దగ్గర బ్రేకులు లాగి వేగం తగ్గించడం) సరిగా అవ్వట్లేదు, ఒక పక్కకి లాగేస్తోంది, తెరుచుకునేటప్పుడు మెడ పట్టేస్తోంది. వెంటనే కానొపీ (తలపైన రెక్కలా తెరుచుకునే పారాచూట్ బట్ట) మార్చేయాలనిపిస్తుంది. లోపం మాత్రం చాలాసార్లు బట్టలో ఉండదు. బ్రేక్ తాళ్ల పొడవులోనో, చేతులు కదిలే తీరులోనో, కళ్లు చూసే చోటులోనో ఉంటుంది. అందుకే కింద ప్రతి సమస్యకూ ముందు పైసా ఖర్చులేని పరీక్ష చెప్పాం. ఆ తర్వాతే రిగ్గర్ (పారాచూట్లు సరిచేసే నిపుణుడు) పని, అన్నిటికీ చివరన కొత్త కానొపీ.

ఒక షరతు ఉంది. గాల్లో చేసే పరీక్ష ఏదైనా 2,500 అడుగులకల్లా ముగియాలి. కానొపీని ఉంచుకోవాలో కట్ అవే చేయాలో (అంటే దాన్ని వదిలేసి, రిజర్వ్ అనే అత్యవసర పారాచూట్ తెరవాలో) స్టూడెంట్లు, ఎ లైసెన్స్ వాళ్లు తేల్చుకోవాల్సిన ఎత్తుగా అమెరికా స్కైడైవర్ల సంఘం యూఎస్‌పీఏ సిఫారసు చేసేది అదే. కాబట్టి పరీక్షల కోసం 5,000 అడుగుల పైన దూకి వెంటనే తెరిచే జంప్ తీసుకోండి. పైలట్‌కీ, వెనక దూకేవాళ్లకీ ముందే చెప్పండి.

ఫ్లేర్ చివరిదాకా లాగినా పరిగెత్తాల్సి వస్తోంది

మొదటి అనుమానం బ్రేక్ తాళ్ల మీద. అవి పొడుగైతే చేతులు పూర్తిగా చాచినా కానొపీ తోక కావలసినంత కిందికి రాదు. 4,000 అడుగుల పైన చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, రెండు టాగిల్స్ (బ్రేక్ తాళ్ల చివర ఉండే పిడులు) నెమ్మదిగా చివరిదాకా లాగి ఐదారు సెకన్లు పట్టుకోండి. స్టాల్ (రెక్క ఎగరడం మానేసి కుంగిపోవడం) ఛాయలే కనిపించకపోతే తాళ్లు మీ చేతులకు పొడుగని అర్థం. స్టాల్ అయితే మాత్రం చేతులు ఒక్కసారిగా వదలకండి. కానొపీ ముందుకు దూసుకుపోయి తాళ్లు మెలిపడొచ్చు. రెండు చేతులూ సమంగా, మెల్లగా పైకి రావాలి. ఇది మొదటిసారి చేస్తుంటే కానొపీ కోచ్‌తో మాట్లాడి చేయండి.

పరిష్కారం రిగ్గర్ చేతిలో ఉంది. టాగిల్ ముడి దగ్గర ఒక అంగుళం తగ్గించి జంప్ చేయడం, మళ్లీ పరీక్షించడం. తొందరపడి ఒకేసారి మూడు నాలుగు అంగుళాలు కోయించుకుంటే దీనికి ఎదురు జబ్బు పట్టుకుంటుంది.

ఆ ఎదురు జబ్బు ఇంకా మోసకారిది. తాళ్లు పొట్టివైతే టాగిల్స్ పూర్తిగా పైన ఉన్నా తోక కొంచెం కిందికి లాగే ఉంటుంది. కానొపీ ఎప్పుడూ సగం బ్రేకు మీద ఎగురుతున్నట్టే. వేగం లేని రెక్కకు ఫ్లేర్‌లో లేచే సత్తా ఉండదు, పైగా మధ్యలోనే స్టాల్ అయి వీపు మీద పడేస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. టాగిల్స్‌ను చేతుల్లోంచి వదలకుండానే, ముందువైపు రైజర్లు (కానొపీ తాళ్లను ఒంటి పట్టీలకు కలిపే పట్టీలు) లాగండి. కానొపీ ఎగిరెగిరి పడుతుంటే తాళ్లు పొట్టివే. పూర్తి వేగంలో ఉన్నప్పుడు పైకి చూసినా తెలుస్తుంది: బ్రేక్ తాడు గాలికి వెనక్కి కొద్దిగా విల్లులా వంగి ఉండాలి, తీగలా బిగుసుకుని ఉండకూడదు.

కొన్నప్పుడు సరిగ్గా ఉన్న తాళ్లు ఎందుకు పొట్టివవుతాయంటే, స్పెక్ట్రా తాళ్లు వేడికి ముడుచుకుంటాయి. ప్రతి ఓపెనింగ్‌లో స్లైడర్ (తాళ్ల మీదుగా జారుతూ కానొపీ మెల్లగా తెరుచుకునేలా చేసే బట్ట ముక్క) రింగులు రాసుకుని కిందికి జారేటప్పుడు ఎక్కువ వేడి తగిలేది బయటి తాళ్లకీ బ్రేక్ తాళ్లకీ. లోపలివి అంతగా మారవు. ఆ తేడాతో రెక్క ఆకారమే తప్పుతుంది. వెక్ట్రాన్, హెచ్‌ఎంఏ తాళ్లు ఇలా ముడుచుకోవు గానీ అరుగుతాయి. పాత కానొపీ కొనేటప్పుడు ఎన్ని జంప్‌లు అయ్యాయో అడిగితే చాలదు. తాళ్లు వేసి ఎన్ని జంప్‌లయిందో అడగండి. తయారీదారు ఇచ్చిన ట్రిమ్ పట్టికతో (ఒక్కో తాడు ఎంత పొడవుండాలో చెప్పేది) రిగ్గర్ కొలిస్తే గంటలోపే విషయం తేలిపోతుంది.

తాళ్లు సరిగ్గానే ఉంటే ఫైనల్‌లో (దిగే ముందు చివరి తిన్నని దారిలో) మీరేం చేస్తున్నారో గుర్తుచేసుకోండి. దాటిపోతామేమోనని భయపడి సగం బ్రేకులో వేలాడుతూ వచ్చి అక్కడి నుంచే ఫ్లేర్ చేస్తే లాగడానికి మిగిలేది సగమే, వేగమూ సగమే. చివరి 150 అడుగులైనా చేతులు పూర్తిగా పైన ఉండాలి.

ఫ్లేర్ చేస్తుంటే ఒక పక్కకి తిరిగిపోతోంది

ఇది తాళ్ల లోపమా చేతుల లోపమా అన్నది ఒక్క పరీక్షతో తేలుతుంది. పైన ఎత్తులో రెండు టాగిల్స్ వదిలేసి, కాళ్ల పట్టీల మీద బరువు సమంగా ఉందో లేదో చూసుకుని, పది సెకన్లు దూరంగా ఒక కొండనో రోడ్డునో చూస్తూ ఉండండి. చేతులు లేకుండానే తిరుగుతుంటే హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీలు) ఒక పక్క వదులుగా ఉందన్నమాట, లేదా తాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయన్నమాట. తిన్నగా వెళ్లి, ఫ్లేర్‌లోనే తిరుగుతుంటే కారణం మీ చేతులే.

నేల దగ్గరపడగానే మనిషి ఏ పక్కకి పడతాననుకుంటే ఆ పక్క చెయ్యి చాస్తాడు. ఆ చేతిలో టాగిల్ ఉంది కనుక కానొపీ కూడా అటే తిరుగుతుంది. తిరిగిందని ఇంకా చాస్తాడు. మణికట్టు, మోచెయ్యి విరిగేది ఇలాగే. రెండు చేతులూ దాదాపు తాకేంత దగ్గరగా శరీరం ముందు నుంచి కిందికి లాగడం అలవాటు చేసుకోండి. చూపు పాదాల కిందికి కాకుండా సుమారు 45 డిగ్రీల ముందుకు ఉండాలి. ఇంట్లో అద్దం ముందు కళ్లు మూసుకుని పదిసార్లు ఫ్లేర్ చేసి, ఆఖరున కళ్లు తెరిచి చూడండి. కుడిచేతి వాటం వాళ్లలో కుడి చెయ్యి ముందే కిందికి చేరి ఉండటం చాలా మామూలు.

ఎత్తులోనే ఫ్లేర్ చేసేస్తున్నాను

కొత్తవాళ్లు సుమారు 10 అడుగుల ఎత్తులో మొదలుపెట్టాలి. మొదటి లాగుడుతో కానొపీ దిగడం ఆపి సమాంతరంగా సాగుతుంది, మిగతాది వేగం తగ్గే కొద్దీ పూర్తిచేస్తారు. ఎత్తులో మొదలుపెట్టేశామని తెలిసిన క్షణంలో చేతులు ఎక్కడున్నాయో అక్కడే ఆపండి. పైకి వదిలితే కానొపీ ముక్కు కిందికి వేసి దూకుతుంది, ఎక్కువ దెబ్బలు ఆ తప్పులోనే తగులుతాయి. ఆపిన చోటే పట్టుకుని, కాళ్లు జోడించి, నేల దగ్గరికి రాగానే మిగిలిన లాగుడు పూర్తిచేయండి.

గాలి లేని రోజుల్లో ఈ పొరపాటు మరీ ఎక్కువ. ఎదురుగాలి లేక నేల వేగంగా కదులుతున్నట్టు కనిపిస్తుంది, చెయ్యి తొందరపడుతుంది. కానొపీ దిగే వేగం మాత్రం గాలి ఉన్న రోజు ఎంతో ఈ రోజూ అంతే. ఫ్లేర్ ఎత్తు మార్చాల్సిన పనిలేదు.

మామూలు కానొపీయే, ఇవాళ రాకెట్‌లా వస్తోంది

కారణం ఎండ, ఎత్తు. రెండూ గాలిని పలచన చేస్తాయి. అరిజోనాలోని ఈలాయ్ సుమారు 1,500 అడుగుల ఎత్తులో ఉంది, మన హైదరాబాద్ కంటే కాస్త తక్కువే. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 12 డిగ్రీలు. వేసవిలో 43 డిగ్రీలుంటే తేడా 31. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగులు కలిపితే కానొపీకి అది 5,200 అడుగుల ఊరులా అనిపిస్తుంది, వేగం దాదాపు 8 శాతం పెరుగుతుంది. 5,000 అడుగుల పైన ఉన్న కొలరాడోలోని లాంగ్‌మాంట్‌లో 32 డిగ్రీల మధ్యాహ్నం లెక్క 8,000 దాటుతుంది, వేగం 13 శాతం దాకా పెరుగుతుంది. సముద్రమట్టంలో నేర్చుకుని సెలవులకు అక్కడికి వెళ్లేవాళ్లు మొదటి జంప్ పొద్దున్నే చేయడం మేలు, అవసరమైతే ఒక సైజు పెద్ద కానొపీ అద్దెకు తీసుకోవాలి. మధ్యాహ్నం దుమ్ము సుడులు తిరిగే వేళ కిందే కూర్చోవడం పిరికితనం కాదు.

ఇంతకీ కానొపీయే చిన్నదేమో?

లెక్క వేసి చూడండి. బట్టలు, రిగ్గుతో సహా మొత్తం బరువు పౌండ్లలో తీసుకుని కానొపీ చదరపు అడుగులతో భాగించాలి. 72 కిలోల మనిషికి రిగ్గు 11 కిలోలు కలిపితే 83 కిలోలు, అంటే సుమారు 183 పౌండ్లు. 190 కానొపీ మీద అది 0.96. 170 మీద 1.08. 150 మీద 1.22. ఎ లైసెన్స్ కొత్తగా వచ్చినవాళ్లు 1.0 లోపు ఉండటం అందరూ ఒప్పుకునే జాగ్రత్త. 150 చవగ్గా దొరికిందని కొనేవాళ్లు ఆ మిగులు డబ్బు తర్వాత ఆర్థోపెడిక్ డాక్టర్‌కి కడుతుంటారు.

ఇక్కడ తేలికపాటి మనుషులు మోసపోయే చోటు ఒకటుంది. 50 కిలోల అమ్మాయికి రిగ్గుతో 60 కిలోలు, 132 పౌండ్లు. 135 కానొపీ మీద లెక్క 0.98, కాగితం మీద భద్రంగానే కనిపిస్తుంది. కానీ చిన్న కానొపీకి తాళ్లు పొట్టివి, కాబట్టి అదే అంకె దగ్గర అది 190 కంటే చురుగ్గా తిరుగుతుంది, మలుపులో ఎత్తు కూడా త్వరగా పోగొడుతుంది. తక్కువ బరువున్నవాళ్లు 1.0 కంటే బాగా కిందే మొదలుపెట్టాలి. సైజు దిగేటప్పుడు ఒక్కో మెట్టే దిగాలి, అదీ ఇప్పుడున్న కానొపీని పక్కగాలిలో, గాలి లేనప్పుడు, వెనక రైజర్లతో కూడా దించగలిగాకే.

దిగే చోటు దాటిపోతున్నాను, లేదా అందుకోలేకపోతున్నాను

మామూలు పద్ధతిలో 1,000 అడుగుల దగ్గర గాలివాటు లెగ్ (గాలి వీచే దిక్కుకు), 600 దగ్గర బేస్ (గాలికి అడ్డంగా), 300 దగ్గర ఫైనల్ (గాలికి ఎదురుగా). ఎన్ని మీటర్లు దాటిపోయారో నడిచి కొలవండి, తర్వాతి జంప్‌లో ఆ మూడు మలుపు చోట్లనూ గాలివాటుగా అంతే వెనక్కి జరపండి. ఫైనల్‌లో ఉన్నప్పుడు కంటికి పైకీ పోక కిందికీ రాక నిలకడగా కనిపించే చోటే మీరు దిగబోయే చోటు.

స్కైడైవింగ్‌లో మంచి కానొపీ కిందే మనుషులు చచ్చిపోయేది చాలావరకు నేల దగ్గర తిప్పిన మలుపు వల్ల. ఎదురుగాలికి తిరిగే దిగాలన్న పట్టుదల దానికి పెద్ద కారణం. ఆలస్యమైపోతే ఈ వరస గుర్తుపెట్టుకోండి:

1. రెక్క సమంగా, తిన్నగా ఉండాలి.
2. ముందు అడ్డం లేని ఖాళీ చోటు ఉండాలి.
3. కనీసం సగం దాకా ఫ్లేర్ చేయాలి.
4. కాళ్లు జోడించి దొర్లాలి.

ఎదురుగాలి ఈ జాబితాలో లేదు. గాలివాటుగా దిగి దొర్లితే చాలాసార్లు మోకాళ్లు గీసుకుపోవడంతో సరిపోతుంది. ఇంక తప్పదు, తిరగాల్సిందే అంటే బ్రేక్ మలుపు ఒక్కటే దారి: రెండు టాగిల్స్ సగం దాకా లాగి, వెళ్లాల్సిన పక్కది ఇంకొంచెం కిందికి లాగాలి. 3,500 అడుగుల దగ్గర 90 డిగ్రీల మలుపు ఒకసారి మామూలుగా, ఒకసారి బ్రేకులో తిప్పి ఆల్టిమీటర్‌లో పోయిన ఎత్తు పోల్చి చూడండి.

షెడ్లు, చెట్ల వరసల వెనక గాలి చెదురుతుంది, వాటి ఎత్తుకు 10 నుంచి 20 రెట్ల దూరం దాకా. 30 అడుగుల హ్యాంగర్ అయితే 600 అడుగుల వరకూ నమ్మకూడదు.

ఓపెనింగ్ గట్టిగా కొడుతోంది, మెలిపడుతోంది

ప్యాకింగ్ నుంచే మొదలుపెట్టండి. స్లైడర్ స్టాపర్లకు ఆనిందా? తాళ్ల మడతలు పట్టుకున్న రబ్బరు బ్యాండ్లు వదులైతే తాళ్లన్నీ ఒక్కసారిగా ఊడిపోతాయి, కానొపీ తాళ్లు బిగుసుకోకముందే తెరుచుకుంటుంది. ఒక్కో మడత ఊడటానికి 8 నుంచి 12 పౌండ్ల లాగుడు కావాలి. చివరి మడతకూ రైజర్లకూ మధ్య 18 నుంచి 24 అంగుళాల తాడు వదలండి. తెరిచేటప్పుడు భుజాలు వాలి ఉన్నా, ట్రాకింగ్ (తోటివాళ్లకు దూరంగా గాల్లో అడ్డంగా జారడం) వేగం తగ్గకముందే తెరిచినా మెలికలు, దెబ్బ రెండూ ఖాయం. మెలిపడితే రైజర్లు విడదీస్తూ కాళ్లతో ఎదురు తిప్పండి. విడిపోయేదాకా బ్రేకులు విప్పొద్దు.

తెరుచుకోగానే ఒక పక్కకి గిర్రున తిరిగితే, తాళ్లు మెలిపడకపోతే, ఒక బ్రేక్ ముందే ఊడి ఉంటుంది. రెండో బ్రేక్ కూడా విప్పేస్తే తిన్నబడుతుంది. ఒక బ్రేక్ తాడు తెగిపోయి ఉంటే రెండు వెనక రైజర్లతోనే నడిపి, 2,500 అడుగులకల్లా తేల్చుకోండి. ఒక చేత టాగిల్, ఒక చేత రైజర్ పట్టుకుని దిగే ప్రయత్నం వద్దు.

పైలట్ చూట్ (పెద్ద కానొపీని బయటికి లాగే చిన్న పారాచూట్) విసిరినా కంటైనర్ (కానొపీ ఉండే సంచి) తెరుచుకోకుండా వెనక వేలాడితే కిల్ లైన్ (పైలట్ చూట్‌ను ముడిచే లోపలి తాడు) కాక్ చేయడం, అంటే లాగి సిద్ధం చేయడం, మరిచారేమో, లేదా ఆ తాడు కూడా వేడికి ముడుచుకుందేమో. ప్యాకింగ్ పూర్తిచేసే ముందు బ్రైడిల్ (పైలట్ చూట్‌ను కానొపీకి కలిపే పట్టీ) కిటికీలో రంగు కనిపించాలి.

నెలకోసారి మూడు రింగుల వ్యవస్థ (కట్ అవేలో రైజర్లను వదిలేది) విప్పి, రైజర్ బట్ట అటూ ఇటూ వంచి, దాని పసుపు కేబుల్ తుడవండి. కంటైనర్ మూసే పిన్ను లూప్ పది శాతం పోగులు తెగినా మార్చేయండి. అమెరికాలో రిజర్వ్ మళ్లీ ప్యాక్ చేయించాల్సిన గడువు 180 రోజులు. రిగ్గు రిగ్గర్ దగ్గరున్న ఆ రోజే బ్రేక్ తాళ్లు కూడా కొలిపించేయండి, రెండోసారి తిరగక్కర్లేదు.