పాత ఇల్లు బాగుచేయించాలా, అమ్మేసి వేరే చోటికి పోవాలా?

మేస్త్రిని పిలిచే ముందు, వాస్తు చూసేవాళ్లని పిలిచే ముందు, బీరువాలోంచి ఇంటి కాగితాలు తీయండి. విజయనగరమైనా శ్రీకాకుళమైనా పాత వీధుల్లో ఇల్లు తాతగారి పేరునో, పోయిన నాన్నగారి పేరునో ఉండిపోవడం మామూలే. అందులో అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్లకీ వాటా ఉండొచ్చు. అలాంటి ఇంటికి మీరొక్కరే పదిహేను లక్షలు పోసి పై అంతస్తు లేపితే, రేపు పంపకాల దగ్గర ఆ ఖర్చు మాట ఎత్తనివ్వరు. ముందు ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) తీయించండి, పంపకాలు తేల్చుకుని మీ వాటాకి రిజిస్టర్డ్ దస్తావేజు రాయించుకోండి. రేపు అమ్మాలన్నా ఇదంతా చేయాల్సిందే.

తర్వాత ఈ ఇంట్లో మీకు ఏది పడట్లేదో ఒక కాగితం మీద రాయండి. ఇరుకు వంటగది, పెరట్లో ఉన్న బాత్రూం, నిటారు మెట్లు, పాత వైరింగ్, ఇవన్నీ డబ్బు పెడితే తీరిపోయేవే. వీధిలోకి ఆటో రాకపోవడం, బోరులో ఉప్పునీళ్లు, నాగావళి పొంగినప్పుడల్లా గుమ్మంలోకి నీళ్లు రావడం, వీటిని ఏ మేస్త్రీ తీర్చలేడు. ఈ రెండో రకంలో ఒక్కటి గట్టిది ఉన్నా నేనైతే మోడ్యులర్ కిచెన్ మాటే ఎత్తను. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి ఇల్లు పల్లమైపోయిందా? లోపల మట్టి నింపి గచ్చు లేపొచ్చు గానీ, గుమ్మాలు పొట్టివవుతాయి, ఫ్యాను నెత్తికి తగిలేలా దిగుతుంది.

ఇక ఇంటి ఒంట్లో సత్తువ ఎంతుందో చూడాలి. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటుని పెచ్చులుగా నెట్టేస్తుంది, దాని మీద సిమెంటు పూసి రంగేస్తే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఊడుతుంది. చిన్న సుత్తితో మెల్లగా కొట్టి వినండి, గట్టిగా ఖంగుమంటే ఫర్వాలేదు, డొల్లగా మోగితే లోపల పొర విడిపోయినట్టే. గోడ పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్కని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి పక్కన తేదీ రాసి ఉంచండి. వానాకాలం వెళ్లేలోపు అది పగిలితే గోడ ఇంకా కదులుతోందన్నమాట, అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించకుండా రూపాయి కూడా పెట్టొద్దు.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూశాక పెంకులు తీసేసి స్లాబు వేసేద్దాం అనిపించడం సహజమే. కానీ మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత గోడలు పెంకుల్ని మోస్తాయి గానీ స్లాబుని మోస్తాయన్న నమ్మకం లేదు. పునాది నుంచి పిల్లర్లు వేయాలంటే అది రిపేరు కాదు, కొత్త ఇల్లే. అలాగని పడగొట్టి కడదామంటే కొత్త ప్లానులో ఖాళీ స్థలం వదలాల్సి రావచ్చు, రెండు గోడల మధ్య ఇరుకు ఇల్లయితే గదులు ఇంకా కుంచించుకుపోతాయి. స్థలం కొలిపించాకే ఆశపడండి.

అమ్మి కొనడంలో కనపడని ఖర్చు రిజిస్ట్రేషన్. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. నలభై లక్షల ఇంటికి మూడు లక్షలు అక్కడే పోతాయి, బ్రోకరు కమిషన్ వేరే. పాత ఇల్లు అమ్మగా వచ్చిన లాభంతో రెండేళ్లలో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ లాభం మీద పన్ను మినహాయింపు ఉంది, ఆడిటర్‌ని అమ్మకానికి ముందే కలవండి. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్మే ప్లాట్లయితే లేఅవుట్‌కి అనుమతి ఉందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి (ఆ బ్రోచర్లలో ప్రతి ఊరూ పది నిమిషాల దూరంలోనే ఉంటుంది).

ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి. “మీ ఇష్టం నాయనా” అన్నారంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇంకోసారి తీరిగ్గా కూర్చుని అడగాలి.

ఎటూ తేలకపోతే, వెళ్దామనుకుంటున్న పేటలోనే అద్దెకి దిగి ఒక వానాకాలం గడపండి. పెద్ద రిపేరు పెట్టుకున్నా ఎలాగూ ఇల్లు ఖాళీ చేయాల్సిందే కాబట్టి అద్దె దండగేం కాదు. ఆ కొన్ని నెలలూ పాత ఇంటిని తాళం వేసి వదిలేయకండి, వానలకి ముందే పెంకులు సర్దించి, వారానికోసారైనా తలుపులు తెరిచి దూలాలకి చెద పట్టిందేమో చూసి రండి.